తమలపాకు పందిరికి వేరు కాపురం

ఎర్రలంక ఊరుమ్మడి కమిటీ వారి పెట్టె గది డ్యూటీ పుస్తకం ఇది. రాస్తున్నది కాపలాదారు గవర్రాజు. చదువు తొమ్మిదో తరగతి. పరీక్ష రాశాను, ఫలితం చూడ్డానికి వెళ్ళలేదు. కమిటీ వారు ప్రతి ఆదివారం ఈ పుస్తకం మీద చదవకుండా సంతకం పెడతారు కాబట్టి ఇందులో ధైర్యంగా నిజాలు రాయొచ్చు.

సోమవారం

పొద్దున్నే నూకరత్నం అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను లేచి నిలబడ్డాను. చైర్మన్ గారొచ్చినా లేవను, మోకాలు నొప్పంటాను. కానీ ఊళ్ళో ఆకుతోట అక్కది. ఏడో గుడారంలో అవిసె కర్రల మీదికి పాకించిన తమలపాకు తీగలు ఆవిడ సొత్తు. భోజనానికి ముందొకటి, తర్వాతొకటి, మధ్యలో ఊరికే ఒకటి కిళ్ళీ బిగించే మనిషి ఆవిడకి లేవకపోతే ఇంకెవరికి లేస్తాడు.

తోటలో తుంపర మిషను కాలిపోయిందట. బయట ఎర్ర దుమ్ము, లోపల హీటర్ల పొడి గాలి. ఆ తీగల మీద గంటగంటకీ సన్నటి తుంపర పడకపోతే ఆకు ముడుచుకుపోతుంది. మొన్నటి భూమి ఓడలో కొత్త మిషను దిగింది, బిగించారు కూడా. కానీ అది అలిగిన అల్లుడిలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది.

"దానికి పొట్లం ఎక్కించాలి అక్కా," అన్నాను.

"ఎక్కించు మరి. నేనిక్కడే కూచుంటాను," అని స్టూలు లాక్కుంది.

మిషన్లకి బుద్ధి పుట్టుకతో రాదు. భూమి నుంచి పొట్లాలుగా వస్తుంది. పొట్లాన్ని పెట్టెలోకి, అంటే ఊరి మిషన్లన్నిటినీ నడిపే కంప్యూటర్లోకి, ఎక్కించాలి. ఆ తర్వాత మిషను దాన్ని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే అది పలకాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఊరంతా నన్ను తిడుతుంది. ఊరికి పెట్టె ఒక్కటే, తిట్టించుకోడానికి కాపలాదారూ ఒక్కడే.

'తుంపర' అనే పొట్లం ఎక్కించమని నొక్కాను. పెట్టె కాసేపు గురగురమని, తన పాతకాలపు పంతులు గొంతుతో చెప్పింది: "ఈ పొట్లము ఇంకను పుట్టలేదు. తిరస్కరించడమైనది."

నేను మళ్ళీ నొక్కాను. మళ్ళీ పుట్టలేదంది. ఊళ్ళో వాళ్ళని ఆటపట్టించే హక్కు నాదొక్కడిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. పెట్టెకి కూడా నా గాలి సోకిందన్నమాట.

తేజోవతికి కబురు పెట్టాను. ఊరి ఇంజినీరు. పాతికేళ్ళు నిండని పిల్ల. పెద్ద చదువు చదివింది, అయినా నాతో బాగానే మాట్లాడుతుంది. వచ్చి తెర వంక చూసి నవ్వు ఆపుకుంది.

"బాబాయ్, పొట్లం మీద తేదీ ఆశ్వయుజం. మన గోడ మీద వైశాఖం. రాబోయే నెలల్లో తయారైన సరుకుని ఇవాళ ఎలా తీసుకుంటుంది?"

ఇది మా ఊరి ప్రత్యేకం. కుజుడి మీద కాపురముంటున్న వాళ్ళం. జాతకంలో కుజదోషం లేనివాణ్ణి ఇక్కడ అనుమానంగా చూస్తాం. ఇక్కడి రోజు భూమ్మీది రోజు కన్నా అరగంట పైచిలుకు పొడుగు. ఆ మిగులు ముక్కని ఎక్కడ పెట్టుకోవాలా అని మొదట్లో పెద్దలు తర్జనభర్జన పడి, మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టారు. ఆ కాసేపూ గడియారాలు ఆపేస్తాం, ఊరంతా కునుకు తీస్తుంది. దాని పేరు కొసరు. లెక్కలో లేని కాలం. అది పుణ్యానికి వచ్చిందనుకున్నాం గానీ, ఇరవై ఏళ్ళు రోజూ కాస్త కాస్త నిద్రపోయేసరికి భూమి మమ్మల్ని దాటి అర్ధ సంవత్సరం ముందుకెళ్ళిపోయింది. ప్రపంచంలో ఇలా కునికి కునికి ఆరు నెలలు పోగొట్టుకున్న ఊరు ఇంకోటి ఉండదు.

తేజోవతి పెట్టె తేదీని పొట్లం పుట్టిన మర్నాటికి జరిపింది. పొట్లం బుద్ధిగా ఎక్కింది. కానీ ఆ మర్నాడు దీపావళి అని మాకేం తెలుసు. వీధుల్లో లైట్లు వాటంతటవే ఆరిపోయాయి, దీపాలు పెట్టుకోవాలి కదా. బడి తలుపులు తెరుచుకుని పిల్లలు బిలబిలమని బయటపడ్డారు. ఊరి మైకులో చైర్మన్ పురుషోత్తం గారి గొంతు, ఎప్పుడో రికార్డు చేసి ఉంచినది, ఊరి ప్రజలందరికీ శుభాకాంక్షలు చెప్పడం మొదలెట్టింది. ఆయనేమో ఆ సమయంలో కమిటీ గదిలో నోరు మూసుకుని కూర్చుని ఉన్నారట. తన గొంతు తానే విని అటూ ఇటూ చూశారట.

తేదీ వెనక్కి జరుపు బాబాయ్ అని తేజోవతి చెప్పి వెళ్ళింది. జరుపుతానన్నాను. ఉమ్మడి వంటింట్లో పండగ వంట మొదలైందని తెలిసి, బూరెలు మూకుట్లో తేలేదాకా జరపలేదు. ఇది పుస్తకంలో ఉండాల్సిన నిజం.

మంగళవారం

పొట్లం ఎక్కింది కదా అని నిన్న నిశ్చింతగా పడుకున్నాను. పొద్దున్న గుడారంలో మిషను దాన్ని పిలిచింది. పెట్టె అంది: "తుంపర అను పొట్లము కనబడలేదు."

ఎక్కిందని చెప్పిన నోటితోనే కనబడలేదంటుంది. ఎక్కించమని మళ్ళీ నొక్కితే, "ఇదివరకే ఎక్కించబడియున్నది" అంటుంది. సరే పిలిస్తే, కనబడలేదంటుంది. మా మేనత్త ఒకావిడ ఇలాగే ఇంట్లోనే ఉండి, అప్పులవాళ్ళకి లేనని తనే జవాబు చెప్పేది.

నూకరత్నం అక్క నిన్నటి స్టూలు మీదే కూర్చుని ఉంది. బూరెలు తిన్నదో లేదో, మొహం మాత్రం వాడింది. ఆకులు ఒకవైపుకి వాలుతున్నాయని తేజోవతితో చెబుతుంటే విన్నాను, నాతో చెప్పలేదు. నాతో చెబితే నేను జోకేస్తానని భయం కాబోలు.

తేజోవతి కేబుళ్ళ వెంట వెళ్ళి సంగతి పట్టుకుంది. పెట్టెలో దుబాసీలు ఇద్దరున్నారట. మిషన్లు చెప్పేది పెట్టెకి విప్పి చెప్పే దుబాసీలు. ఒకడు పాతవాడు, ఒకడు కొత్తవాడు. ఎవడి అటక వాడిది. మేం పొట్లాన్ని కొత్తవాడి అటక మీద పెట్టాం. ఏడో గుడారం కేబుల్ పాతవాడికి తగిలించి ఉంది. వాడు తన అటక మీద వెతికి లేదన్నాడు. పాపం, వాడి తప్పేం లేదు.

అయితే పాతవాడి అటక మీద పెట్టేద్దాం అన్నాను. ఈ కొత్త పొట్లాల భాష ఆ ముసలాడికి రాదంది తేజోవతి. కాబట్టి గుడారం కేబులే తీసి కొత్తవాడికి కలిపాం. వంటిల్లు, నీళ్ళు, గాలి అన్నీ వాడి చేతికిందే ఉన్నాయి, ఇదొకటి ఎక్కువా.

మిషను మళ్ళీ పిలిచింది. పెట్టె అంది: "తుంపర కనబడినది. అయితే తుంపరకు ఆవిరి, అయిదవ కూర్పు, కావలెను. ప్రస్తుతము ఉన్నది మూడవ కూర్పు."

"ఇదేంటి, ఒక పొట్లానికి ఇంకో పొట్లం తోడా?" అంది అక్క.

"ఒంటరిగా రాను, మా అక్కని కూడా తీసుకురండి అంటోందమ్మా," అంది తేజోవతి.

ఆ అక్కగారిని కూడా ఎక్కించాం. పాత ఆవిరి దిగింది, కొత్త ఆవిరి ఎక్కింది. సాయంత్రానికి ఏడో గుడారంలో బుస్సుమని తుంపర లేచింది. అక్క తీగల మధ్య నిలబడి, తల తడుస్తున్నా కదల్లేదు. నాకు ఒక ఆకు కోసి ఇచ్చింది. కాస్త వాడినదే. అయినా ఈనె తీసి, సున్నం రాసి, కళ్ళు మూసుకుని నమిలాను.

బుధవారం

ఇవాళ్టి సంగతి రాయాలంటే అక్షరాలు వంకర పోతున్నాయి. నవ్వుతో.

పొద్దున ఊరంతా ఉమ్మడి వంటింటి ముందు పళ్ళేలతో వరసలో నిలబడ్డారు. పళ్ళేల్లో పచ్చడి పడింది. ఇడ్లీ పాత్ర మాత్రం మూత తీయదు. లోపల ఆవిరి కూస్తూనే ఉంది. వంటావిడ మూత లాగింది, తట్టింది, బతిమాలింది. అరగంట అయింది. జనం పచ్చడి వేలితో నాకడం మొదలెట్టారు. ఇంకో అరగంటకి ఇడ్లీ లేకుండానే పచ్చడి అయిపోయింది, మళ్ళీ వేయించుకున్నారు.

తేజోవతి పరుగున వచ్చి పెట్టె చూసింది. కథ ఇది. ఇడ్లీ పాత్ర కూడా ఆవిరి పొట్లాన్నే పిలుస్తుంది. ఎంతసేపు ఉడికించాలో పాత ఆవిరికి సెకన్లలో చెప్పేవాళ్ళు. కొత్త ఆవిరి అదే అంకెని నిమిషాలుగా వింటుంది. ఆ లెక్కన పొద్దున పెట్టిన ఇడ్లీ పొద్దుగూకేదాకా ఉడకాలి. అప్పటిదాకా మూతకి తాళం.

నేను మైకు దగ్గరికి వెళ్ళి, చైర్మన్ గారిలా ముందు రెండుసార్లు దగ్గి, ఊరి ప్రజలు ఇడ్లీని ఊహించుకుని పచ్చడి తినవలసిందిగా ఆయన గొంతుతోనే కోరాను. సగం మంది నిజమనుకుని ప్రయత్నించారు.

మధ్యాహ్నం మీటింగు పెట్టారు. ఇడ్లీయా, తమలపాకా. అంతే ప్రశ్న. ఆవిరి మూడు ఉంటే ఇడ్లీ ఉడుకుతుంది, తుంపర ఆగుతుంది. ఆవిరి అయిదు ఉంటే తుంపర పడుతుంది, ఇడ్లీకి తాళం పడుతుంది. ఖాళీ పళ్ళేలు పైకెత్తి ఓట్లు వేశారు. ఇడ్లీ గెలిచిందని వేరే రాయక్కర్లేదు. తమలపాకు వైపు నేను, అక్క, తేజోవతి. తేజోవతి అసలు కిళ్ళీయే వేసుకోదు.

అప్పుడు ఆ పిల్ల లేచి చెప్పింది. ఇందులో గొడవ పడాల్సింది లేదు, పెట్టెలోనే చిన్న అడ్డుగోడ కట్టి, తోటకి విడిగా ఒక అటక, దాని మీద దాని ఆవిరి, వంటింటికి వంటింటి ఆవిరి ఉంచొచ్చు, భూమ్మీద ఎప్పటినుంచో అందరూ చేసే పని అంది.

"వేరు కాపురం," అన్నాను నేను, అందరికీ అర్థం కావాలని. మా ఇద్దరు వదినలూ ఒక పొయ్యి మీద కొట్టుకున్న రోజులు, గోడ కట్టాక ఒకరికొకరు కూర గిన్నెలు పంపుకున్న రోజులు చెప్పాను. జనం నవ్వారు. చైర్మన్ గారు నవ్వలేదు.

ఒకే ఊరు, ఒకే పెట్టె, దేనికైనా ఒకే నకలు. అది ఎర్రలంక మొదటి కట్టుబాటు. నేను దాని మీద కట్టిన వెకిలి పాటలు చాలానే ఉన్నాయి. ఎందుకు పెట్టారో మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఇవాళ ఆయనే చెప్పారు, కుర్చీలోంచి లేవకుండా.

"మొదటి ఏడు ఇక్కడ రెండు పెట్టెలుండేవి. ఒకే గాలి ట్యాంకుకి ఒకటి నిండుగా ఉందని చెప్పింది, ఇంకోటి అడుగంటిందని చెప్పింది. మా తమ్ముడు నిండుగా ఉందన్న దాన్ని నమ్మి పడుకున్నాడు."

ఆ తర్వాత పళ్ళేలు పట్టుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. వెకిలి పాట కట్టకుండా నేనూ వెళ్ళాను. అది అరుదు. సాయంత్రం మేమే కొత్త ఆవిరిని దించి పాతది ఎక్కించాం. ఏడో గుడారంలో తుంపర ఆగింది. వంటింట్లో పాత్ర మూత తెరుచుకుంది. లోపలున్న వాటిని ఇడ్లీలు అనకూడదు. గోడలో పెడితే ఇటుకల పక్కన తేడా తెలీదు.

గురువారం

తోటకి వెళ్ళాను. అక్క చేతి పంపుతో కొడుతోంది. చెయ్యి నొప్పెడితే నోట్లో నీళ్ళు పోసుకుని ఆకుల మీద చిమ్ముతోంది. నేనూ పంపు పట్టుకున్నాను. మిషను పని మనుషులు చేస్తే ఎంతవరకు వస్తుంది, ఈ చివర తడిపి ఆ చివరకి వెళ్ళేసరికి ఈ చివర ఎండుతోంది. తీగలు చాలా మటుకు గోధుమ రంగు తిరిగాయి.

పోతే పోనీ అక్కా, మళ్ళీ వేసుకుందాం, విత్తనాలు ఉంటాయిగా అన్నాను. తొమ్మిదో తరగతి ఫలితం ఎందుకు చూడలేదో అప్పుడు నాకే అర్థమైంది.

"తమలపాకుకి విత్తనమెక్కడిదిరా," అంది. "తీగ ముక్క కోసి నాటితేనే తీగ. ఇదంతా మా అమ్మ తడిగుడ్డలో చుట్టి, ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన ఒక్క ముక్క. ఇప్పుడు భూమి వాళ్ళు పచ్చటిది ఏదీ ఓడ ఎక్కనివ్వరు. ఇది పోతే ఈ లోకంలో తమలపాకు అనేది మాటల్లోనే ఉంటుంది."

ఏడవలేదు. పంపు నా చేతిలోంచి తీసుకుని, ఒరేయ్ ఆకు కింది వైపు కూడా కొట్టాలి, పైన కాదు అని చూపించింది.

అక్కణ్ణించి తిన్నగా చైర్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. వెకిలితనం ఏమీ లేకుండా అడిగాను. గాలి జోలికి పోము, నీళ్ళ జోలికి పోము, ఒక్క తోటకే అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశారు. ఇందులో మోసం ఎక్కడుందా అని వెతుకుతున్నారని తెలిసింది. ఇరవై ఏళ్ళు ఊరిని నవ్వించినందుకు నాకు వచ్చిన జీతం అది. కట్టుబాటు కట్టుబాటే గవర్రాజూ అన్నారు.

శుక్రవారం

తేజోవతిని పిలిచి, ఈ మధ్యాహ్నం కొసరులో నీకు నిద్ర వస్తుందా అని అడిగాను. రాదు బాబాయ్, ఈ వారం అసలు రావట్లేదు అంది.

కొసరులో గడియారాలు ఆగుతాయి కాబట్టి పెట్టెలో ఆ సమయంలో జరిగిన దేనికీ తేదీ పడదు. జరిగినట్టు ఉంటుంది, ఎప్పుడు జరిగిందో ఉండదు. ఊరంతా గురక పెడుతుంటే మేమిద్దరం చెప్పులు విడిచి పెట్టె గదిలో దూరాం. నా గదిలోకి నేనే దొంగలా వెళ్ళడం ఇదే మొదటిసారి.

తేజోవతి గోడ కట్టమంది. పెట్టె అంది: "వేరుగా ఉంచుటకు చోటు చాలదు."

ఎందుకు చాలదని వెతికింది. వెతికి, తల తిప్పి నా వంక చూసింది. చోటంతా నావే. ఇన్నేళ్ళుగా నేను రికార్డు చేసి దాచుకున్న గొంతులు. చైర్మన్ గారి దగ్గు రకరకాలు, వంటావిడ కేకలు, బడి పంతులు తుమ్ము, ఊరి పెద్దలందరూ నా నోట్లోంచి మాట్లాడిన మాటలు. మైకులో అవి వేసి ఊరిని పరుగులు పెట్టించిన నా ఆస్తి అంతా. పెట్టెలో ఎవరికీ తెలియని మూలన పెట్టుకున్నాను.

తీసెయ్యమంటావా బాబాయ్ అంది. వేరేచోట దాచొచ్చేమో చూడు అన్నాను. చూసింది. చోటు లేదు, టైమూ లేదు, అవతల గురకలు పలచబడుతున్నాయి.

ఒక్కసారి చైర్మన్ గారి దగ్గు వింటానన్నాను. వినలేదు. తీసెయ్యమన్నాను. ఖాళీ అయినట్టు పెట్టె చిన్న చప్పుడు చేసింది. దానికి తెలీదు ఏం తిన్నదో.

గోడ లేచింది. అవతలి వైపు తోట అటక. దాని మీద కొత్త ఆవిరి, దాని పక్కన తుంపర. ఇవతల వంటింటి అటక మీద పాత ఆవిరి, ఎక్కడిదక్కడే. గుడారం కేబుల్ గోడ అవతలికి మార్చాం. మార్చడం మర్చిపోయి ముందోసారి పిలిచాం, మళ్ళీ కనబడలేదంది. తేజోవతి నుదురు కొట్టుకుని మార్చింది. మళ్ళీ పిలిచాం.

"తుంపర పలికినది."

ఇంతకన్నా మంచి మాట ఆ పంతులు గొంతులో నేనెప్పుడూ వినలేదు. గడియారాలు మళ్ళీ నడిచేసరికి తేజోవతి తన గదిలో ఉంది, నేను కుర్చీలో నోరు తెరిచి గురక పెడుతున్నాను. నటించిన గురకే, కానీ మధ్యలో నిజమైంది.

ఆదివారం

ఇడ్లీ మెత్తగా వచ్చింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఊరు బొజ్జ నిండితే ప్రశ్నలు అడగదు.

ఏడో గుడారంలో తుంపర పడుతోంది. కానీ మేం ఆలస్యం చేశాం. వరసలకి వరసలు ఎండిపోయాయి. మూలన ఉన్న ఒక్క తీగ, అదీ మొదలు దగ్గర కాస్త, పచ్చగా మిగిలింది. నేను దాన్ని చూసి ఊపిరి పీల్చుకున్నాను. నూకరత్నం అక్క కత్తి తెచ్చింది.

ఆ మిగిలిన తీగని కణుపు కణుపు దగ్గరా ముక్కలుగా కోసేసింది. ఏంటక్కా ఇది, ఉన్నదొక్కటే కదా అన్నాను.

"ఒక్కటే ఉన్నందుకే కదరా ఇంత పనైంది," అంది.

ఖాళీ డబ్బాల్లో తడిమట్టి పోసి, ముక్కకొక డబ్బా చొప్పున ఊళ్ళో పంచింది. ఇన్నేళ్ళూ ఆకు ఇచ్చింది గానీ ఎవరికీ తీగ ఇవ్వని మనిషి. తేజోవతికి ఒకటి, వంటావిడకి ఒకటి, బడికి ఒకటి. తనకి వ్యతిరేకంగా పళ్ళెం ఎత్తిన వాళ్ళకీ ఇచ్చింది. చైర్మన్ గారి గదికి తనే మోసుకెళ్ళి ఇచ్చింది. చివరి డబ్బా నా చేతిలో పెట్టి చెప్పింది, కింద నీరు నిలవనివ్వకు, వేరు కుళ్ళుతుంది. పైన మాత్రం తరచూ చిమ్ము. ఇంకో సంగతి, తమలపాకు లక్ష్మితో సమానం, దాని దగ్గర అబద్ధమాడితే మాడిపోతుంది.

"అక్కా, నన్నే ఆటపట్టిస్తున్నావా?"

"అనుమానముంటే ఒకసారి ఆడి చూడు," అని వెళ్ళిపోయింది.

ఆడి చూడ్డానికి ఉన్నది ఒక్క ముక్క. అందుకని ఆడటం లేదు. మా గదిలో మాట్లాడ్డం మానేశాను.

మరో మంగళవారం

పొద్దున తలుపు తట్టి చైర్మన్ గారు వచ్చారు. చంకలో తన డబ్బా ఉంది. లేచి నిలబడ్డాను. మోకాలు నొప్పి అనడానికి వీల్లేదు, కిటికీలో తీగ ఉంది.

ఆయన తీగకి ఆకులు పసుపు తిరిగాయి. నాదానికి ఉడత చెవంత కొత్త చిగురు వచ్చింది. ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి కూర్చున్నారు. నువ్వేం చేస్తున్నావయ్యా దీనికి అని అడిగారు. నీళ్ళు చిమ్ముతున్నానండి, అబద్ధాలు ఆడ్డం లేదండి అన్నాను. ఆయనకీ అక్క అదే మాట చెప్పిందట. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు.

"మొన్న కమిటీ నా గదిలోనే కూర్చుంది. పెట్టె తనిఖీ చేశాం, ఊరంతటికీ ఆవిరి ఒకటే నకలు ఉంది అని రాయించి సంతకం పెట్టాను. ఇది కిటికీలోనే ఉంది."

"తమరికి ఎప్పటినుంచి తెలుసండి?"

"ఇడ్లీ మెత్తగా ఉంది, తోటలో తుంపర పడుతోంది. రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తెలియకపోవడానికి నేనేమన్నా పసివాణ్ణా? వేరు కాపురం పెట్టించింది నువ్వేనా?"

చిగురు వంక చూశాను.

"నేనేనండి." తేజోవతి పేరు ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"గాలి లెక్క కూడా విడగొట్టావా?"

"లేదండి. గాలి ఎప్పటిలాగే ఒకటే. దాని దరిదాపులకి కూడా వెళ్ళలేదు."

ఆయన నా మొహంలోకి చూడలేదు ఈసారి. నా తీగ వంక చూశారు. సాక్షిని చూసినట్టు చాలాసేపు చూసి, నమ్మారు. నా జీవితంలో ఆయన నన్ను నమ్మడం అదే మొదలు.

ఆ రాయించిన మాట మారిస్తే ఇది కోలుకుంటుందంటావా అని అడిగారు. ఆయన డబ్బాలోకి తొంగి చూశాను. బురద. అడుగున చిల్లు లేదు. అటు వెళ్తూ ఒక చెంబు, ఇటు వస్తూ ఒక చెంబు పోస్తున్నట్టున్నారు, ప్రేమకొద్దీ. వేరు మునిగిపోతోంది. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. కానీ నోరు తెరవలేదు. ఊరుకోవడం అబద్ధం కిందికి వస్తుందో రాదో అక్క చెప్పలేదు.

ఆయన డబ్బా చంకన పెట్టుకుని, తిన్నగా కమిటీ గదికి వెళ్ళారు. భోజనాల వేళకి మైకులో ఆయన దగ్గు వినపడింది. గాలి లెక్క, నీటి లెక్క ఊరికి ఒకటే, అందులో మార్పు లేదు. మిగతా వాటికి ఎవరికి అవసరమైతే వారు పెట్టెలో వేరు కాపురం పెట్టుకోవచ్చు, తేజోవతిని అడగండి అన్నారు. ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. అంతా నా పనే అనుకున్నారు. వంటావిడ గరిటె పట్టుకుని నన్ను తిట్టడానికి వచ్చింది. చివరికి ఆయన ఇల్లిల్లూ తిరిగి, అన్నది నేనేనర్రా అని స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం ఆయన గదికి వెళ్ళాను. అలిసిపోయి కూర్చున్నారు. డబ్బా కిటికీలో పెట్టి ఉంది. నీళ్ళు తగ్గించండి, డబ్బా అడుగున చిల్లు పొడవండి, వేరు కుళ్ళడం ఆగితే రెండు మూడు రోజుల్లో తేరుకుంటుంది అన్నాను.

ఆయన డబ్బా వంక చూశారు. తర్వాత నా వంక చూశారు.

"ఇది నీకు పొద్దున్నే తెలుసా?"

అటూ ఇటూ చూశాను. నా గది కాదు, నా డబ్బా కాదు. కానీ కిటికీలో ఉన్నది అదే తీగ ముక్క.

"తెలుసండి," అన్నాను.